పాటలు పెడితే బ్యాటరీ దిగిపోతోంది – సమాధానం
తమ్ముడూ, తోటలో కారు ఇంజిన్ ఆపి గంటన్నర పాటలు పెడితే సెల్ఫ్ కొట్టట్లేదన్నావు కదా. కొత్త బ్యాటరీకి డబ్బులు పొయ్యకు, ముందు లెక్క చూడు. నీ బ్యాటరీ 35 ఏహెచ్, అంటే 35 ఆంపియర్-అవర్లు (ఒక ఆంపియర్ గంటసేపు లాగితే ఒక ఏహెచ్). యాంప్ (సౌండ్ పెంచే ఆంప్లిఫయర్), సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) కలిసి సగటున 10 ఆంపియర్లు లాగినా గంటన్నరకి 15 ఏహెచ్ పోయినట్టే, అంటే దాదాపు సగం. అంతకంటే దించితే కారు బ్యాటరీ త్వరగా పాడవుతుంది. చిన్న వోల్ట్ మీటర్ ఒకటి పెట్టుకో. పాటలు ఆపిన కాసేపటికి 12.2 వోల్టులు చూపిస్తే ఇక చాలు, ఇంజిన్ స్టార్ట్ చెయ్యి.

ఇంకోటి, యాంప్ రిమోట్ వైరు (యాంప్‌ని ఆన్ చేసే వైరు) నేరుగా బ్యాటరీకి కలిపారేమో చూడు. మా బండికి అలాగే బిగించారు, రాత్రంతా యాంప్ ఆన్‌లోనే ఉండేది! దాన్ని స్టీరియో వెనక నీలం-తెలుపు వైరుకి మార్పించాక గానీ గొడవ వదల్లేదు.

వారం వారం ఇదే పనైతే ఐసొలేటర్‌తో (రెండు బ్యాటరీల్ని విడదీసి ఉంచేది) రెండో బ్యాటరీ పెట్టించు, డీప్ సైకిల్‌ది, అంటే ఎక్కువగా దించినా తట్టుకునేది. ఫ్యూజు మాత్రం బ్యాటరీ పక్కనే వేయించు.