టెస్ట్ అని కొడితే ఏమీ రావట్లేదా?

తప్పు ప్రోగ్రాంలో లేదు మాస్టారూ, పేరులో ఉంది. హలో అని చూపే సీ ప్రోగ్రాంకి టెస్ట్ అని పేరు పెట్టారు, జీసీసీ కంపైలర్ ఎర్రర్ ఇవ్వలేదు, టెస్ట్ అని కొడితే మాత్రం హలో రాలేదు అన్నారు కదా. షెల్‌లో, అంటే మనం కొట్టే కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రాంలో, టెస్ట్ అనే కమాండ్ ముందే ఉంది. అదే నడిచి, నోరు మెదపకుండా వెళ్లిపోతోంది.

1. టైప్ టెస్ట్ (type test) అని కొట్టించండి. షెల్ బిల్టిన్, అంటే షెల్‌లోనే ఉన్న కమాండ్ అని చెబుతుంది.

2. పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టి నడపండి: ./టెస్ట్. అందరూ వదిలేసేది ఇదే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ మనమున్న ఫోల్డర్‌లో కూడా వెతుకుతుంది. యూనిక్స్ షెల్ పాత్‌లో (వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) రాసిన చోట్లే చూస్తుంది. చుక్క అంటే ఇప్పుడున్న డైరెక్టరీ.

పాత్‌లో చుక్క కలపమని ఎవరైనా అంటే వినకండి. కలిపినా బిల్టిన్‌దే ముందు వంతు.

విజయనగరంలో మా ల్యాబ్‌లో ఏటా ఇదే గోల. అందుకే మొదటి ప్రోగ్రాంకి ఏ కమాండ్‌కీ లేని పేరు, గంటస్తంభం అని పెట్టిస్తున్నా.