అమెరికా రాక్ గాయకుడు బడ్డీ హాలీ చనిపోయిన రోజు, అతని షోలో పాడిన కుర్ర గాయకుడు బాబీ వీ ఆ ఒక్క రాత్రితోనే స్టార్ అయ్యాడా?

లేదు, ఆ రాత్రి దొరికింది అవకాశం మాత్రమే; నంబర్ వన్ పాట రావడానికి ఇంకో రెండున్నరేళ్లు పట్టింది. 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో హాలీ చనిపోయాక, మిన్నెసోటాలోని మూర్‌హెడ్‌లో హాలీ పాడాల్సిన ఆ రాత్రి షో ఆపకుండా పక్క ఊరు ఫార్గో నుంచి బాబీ, అతని బ్యాండ్ కుర్రాళ్లను పిలిచారు. బాబీకి అప్పటికి 15 ఏళ్లే. వాళ్ల బ్యాండ్‌కి పేరు కూడా లేదు, అడిగితే అప్పటికప్పుడు 'షాడోస్' అని చెప్పారు! నిజంగా నిలబెట్టింది ఆ తర్వాత చేసిన రికార్డులు, లిబర్టీ అనే రికార్డు కంపెనీతో కుదిరిన ఒప్పందం. ఉదాహరణకు, 'టేక్ గుడ్ కేర్ ఆఫ్ మై బేబీ' 1961లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అతను హాలీ బ్యాండ్‌లో చేరి పాడాడని చాలామంది అనుకుంటారు. కాదు, పాడింది తన సొంత బ్యాండ్‌తోనే.