వాలెంటైన్ పొద: ఆకులు పసుపెక్కి, పూలు రాకపోతే

అరిజోనాలోని చాండ్లర్‌లో మీ వాలెంటైన్ పొద (ఎరిమోఫిలా మాక్యులేటా) ఆకులు పసుపెక్కాయని, ఫిబ్రవరి వచ్చినా పూయలేదని రాశారు. రోజూ 10 నిమిషాలు డ్రిప్, అక్టోబరులో గుండ్రంగా కత్తిరింపు అన్నారు కదా, ఆ రెండే కారణమండీ.

ఫోటోలో లేత ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇది ఇనుము లోపం. అరిజోనా సున్నపు నేలలో ఇనుము ఉన్నా, వేళ్లు ఎప్పుడూ తడిలో నానుతుంటే అందుకోలేవు. రోజువారీ డ్రిప్ ఆపేయండి. వేసవిలో 10-14 రోజులకోసారి, చలికాలంలో 3-4 వారాలకోసారి, 45-60 సెంటీమీటర్ల లోతు తడిసేలా పెట్టండి. నీళ్లు పెట్టాక సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి: తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది, పొడిమట్టి తగలగానే ఆగుతుంది. ఎమిటర్లు (డ్రిప్ గొట్టంలో నీళ్లు చుక్కలుగా వదిలే మూతులు) కాండం మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద ఉండాలి.

పక్కన 30 సెంటీమీటర్ల గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ ఇంకకపోతే కింద కాలిచే (నీరు ఇంకనివ్వని గట్టి సున్నపు పొర) ఉండొచ్చు. అప్పుడు అక్టోబరులో కొత్త మొక్కను మట్టిదిబ్బ మీద నాటడమే మేలు.

ఇనుము వేయాలంటే ఈడీడీహెచ్ఏ (EDDHA) రకం చీలేట్, అంటే ఇనుమును వేళ్లకు అందేలా పట్టి ఉంచే మందు, కొనండి. ఈడీటీఏ (EDTA) రకం ఈ క్షారనేలలో నిలవదు, డబ్బు దండగ.

మొగ్గలు శరదృతువులోనే కడతాయి. అక్టోబరు కత్తెరతో అవన్నీ పోయాయి. పూత అయ్యాక, మార్చి చివర్లో, మూడోవంతుకు మించకుండా కత్తిరించండి. నాలుగడుగుల ఎత్తు, అంతే వెడల్పు చోటిస్తే ఆ పనీ పెద్దగా ఉండదు.