అది ఫొటో కాదమ్మా

అమ్మా,

కణాలు వదిలే డోపమైన్‌ని (నాడీకణాలు కబురందించుకునే రసాయనం) చిప్ మీద బొమ్మగా చూపించడం గురించి తిరుపతి నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. చేయి తిరిగింది నీకు, అందులో సందేహం లేదు. కానీ మొదటి లైన్లోనే "బతికున్న కణానికి ఫొటో తీశారు" అని రాసేశావే, అది ఫొటో కాదు, అక్కడ వెలుతురుకి పనే లేదు.

ఏం జరుగుతుందో చూడు. ఎలుక అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం మీదుండేది) కణితి నుంచి వచ్చిన పీసీ12 కణాలు (1976 నుంచి ల్యాబుల్లో పెంచుతున్నారు) డోపమైన్‌ని బుల్లి బుల్లి సంచుల్లో దాచుకుంటాయి. పొటాషియం ఎక్కువున్న ద్రావణం తగిలితే ఆ సంచి కణం అంచుకి చేరి విచ్చుకుంటుంది, బయటపడ్డ డోపమైన్ 0.7 వోల్టుల దగ్గర పెట్టిన ఎలక్ట్రోడ్‌ని తాకి, అణువుకి రెండు ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది. కరెంటు కొన్ని పికో ఆంపియర్లు (ఒక్కోటి ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతు) ఎగిసి, మిల్లీసెకన్లలో పడిపోతుంది. అంతే. అలాంటి ఎలక్ట్రోడ్లు చిప్ మీద వందలు వేలు గళ్ళుగా పేర్చి, ఏ గడిలో ఎంత కరెంటు వచ్చిందో దాన్నిబట్టి రంగు వేస్తారు.

మీ జిల్లా వర్షపాతం మ్యాపు చూస్తావుగా? తిరుపతిలో కుండపోత, చంద్రగిరిలో చినుకుండదు, మ్యాపులో మాత్రం మధ్యంతా నీలం నున్నగా పరుచుకుని ఉంటుంది. కొలిచింది రెయిన్ గేజ్ ఉన్నచోటే! నీ బొమ్మలో కూడా ఎలక్ట్రోడ్ల సందుల్లో రంగు సాఫ్ట్‌వేర్ నింపిందేమో కనుక్కో. ఎలక్ట్రోడ్ల మధ్య దూరమెంతో, కణం సైజెంతో పక్కపక్కనే రాయి.

"చీకటి గడిలో కణం నిద్రపోతోంది" అన్నావు. ఏం చూసి? డోపమైన్ ఆక్సీకరణం చెందాక మిగిలేది ఎలక్ట్రోడ్ మీదే పొర కడుతుంది, సిగ్నల్ పడిపోతుంది. కణం ఊరుకుందో, ఎలక్ట్రోడ్‌కి మురికి పట్టిందో? ప్రయోగమయ్యాక గాఢత తెలిసిన డోపమైన్ పోసి మళ్ళీ చూశారా అని వాళ్ళ పరిశోధన పత్రంలో వెతుకు. ఇంకోటి, ఆ వోల్టేజీకి విటమిన్ సి కూడా ఎలక్ట్రాన్లు ఇస్తుంది, కరెంటు మీద ఎవరి పేరూ రాసి ఉండదు.

ఆ "అద్భుతం"లన్నీ కొట్టెయ్. ఒక పికో కూలుంబు (ఎలక్ట్రోడ్‌కి చేరిన మొత్తం విద్యుదావేశానికి కొలత) అంటే సుమారు 62 లక్షల ఎలక్ట్రాన్లు, అంటే అణువుకి రెండు చొప్పున 31 లక్షల డోపమైన్ అణువులు. ఈ లెక్క వేసి చూపించు, నోరు తెరవడం పాఠకుడి పని.

ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ నీకు దగ్గరే కదా, మొహమాటపడకుండా వెళ్ళి, ఎలక్ట్రోడ్ రీడింగ్ రంగు వేయకముందు ఎలా ఉంటుందో ఒక గ్రాఫ్ చూపించమని అడుగు. తిరగరాశాక చిత్తూరుకి పంపు.