చిప్పులో ఫొటోలు డిలీట్ అయ్యాయా? ముందు చిప్పు బయటికి తియ్యండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు ఒకే గొడవ మీద ఉన్నాయి, పోయిన ఫొటోల మీద. మిగతావి వచ్చేసారికి ఉంచి ఈ మూడే తీసుకుంటున్నా.

ప్రశ్న: మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మా తమ్ముడి నికాన్ కెమెరాతో నేనే ఫొటోలు తీశాను. 32 జీబీ చిప్పు (మెమరీ కార్డు). రాత్రి మా బాబు కెమెరాతో ఆడుతూ అన్నీ డిలీట్ కొట్టేశాడు. నాకు తెలీక మర్నాడు గుళ్ళో ఇంకో ఇరవై ఫొటోలు తీశాను. పాతవి వస్తాయా? షాపులో అడిగితే కష్టం అంటున్నారు. (భీమవరం నుంచి ఒక పాఠకురాలు)

వస్తాయండి, చాలావరకు వస్తాయి. కానీ ఇది చదివే టైముకి చిప్పు ఇంకా కెమెరాలోనే ఉంటే మాత్రం ముందు దాన్ని బయటికి తీసి, ఎడమ పక్కన ఉండే చిన్న లాక్ మీటని కిందికి జరిపేసి, ఎవరి చేతికీ అందకుండా పెట్టి అప్పుడు మిగతాది చదవండి. ఆ మీట కూడా గట్టి తాళమేం కాదు, కొన్ని చవక రీడర్లు దాన్ని లెక్కే చెయ్యవు, అయినా ఉన్నదాన్ని వాడుకోవడంలో తప్పులేదు.

32 జీబీ వరకు చిప్పుల్లో మామూలుగా ఉండేది ఫైళ్ళు సర్దే ఫ్యాట్32 పద్ధతి, 64 నుంచి పైవాటిలో ఎక్స్‌ఫ్యాట్. రెండిట్లోనూ ఏ ఫొటో ఎక్కడుందో రాసుకునే చిట్టా ఒకటి వేరుగా ఉంటుంది, మీ బాబు డిలీట్ కొట్టినప్పుడు కెమెరా ముట్టుకున్నది ఆ చిట్టానే. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో పద్దు కొట్టేసినంత మాత్రాన గోడౌన్లో బస్తాలు మాయమైపోవు కదా, ఇదీ అంతే. ఫ్యాట్32లో అయితే కెమెరా ఆ ఫైలు పేరులో మొదటి అక్షరం మీద ఒక గుర్తు వేసేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అందుకే కొన్ని రికవరీ సాఫ్ట్‌వేర్లలో మీ డీఎస్‌సీ_0412 కాస్తా _ఎస్‌సీ_0412 అని, మొదటి అక్షరం ఎగిరిపోయి కనిపిస్తుంది, చూసి కంగారు పడకండి, బొమ్మకి ఏమీ కాలేదు.

అసలు నష్టం జరిగింది గుళ్ళో. ఖాళీ అని రాసుకున్న చోట కొత్త ఫొటో పడితే కింద ఉన్న పాతది ఇంక ఎవడి తరమూ కాదు, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా సరే. ఒక్కో ఫొటో 10 ఎంబీ వేసుకున్నా ఇరవైకి 200 ఎంబీ, 32 జీబీలో నూటికి ఒకటి కూడా కాదు, అంటే పాతవాటిలో ఇంచుమించు ఓ ఇరవై పోయి ఉంటాయి. చాలా కెమెరాలు ముందు దొరికిన ఖాళీ నుంచే రాసుకుంటూ పోతాయి కాబట్టి పోయినవి ఫంక్షన్ మొదట్లోవి అయ్యుండొచ్చు, పొద్దున్నే తీసిన మంగళస్నానం ఫొటోల మీద మరీ ఆశ పెట్టుకోకండి.

ఇక తీసే పద్ధతి. నేను ముందు వాడమనేది ఫొటోరెక్ అనే సాఫ్ట్‌వేర్, టెస్ట్‌డిస్క్‌తో కలిసి వస్తుంది, పూర్తిగా ఉచితం, సీజీసెక్యూరిటీ డాట్ ఆర్గ్ సైట్లో దొరుకుతుంది, విండోస్ మ్యాక్ లైనక్స్ మూడిటికీ ఉంది. చిప్పుని కార్డ్ రీడర్‌లో పెట్టండి, కెమెరాకే కేబుల్ తగిలిస్తే చాలా కెమెరాలు డ్రైవ్‌లా కనబడవు, అప్పుడు ఈ సాఫ్ట్‌వేర్‌కి చిప్పే దొరకదు. జిప్ విప్పాక అందులో క్యూఫొటోరెక్ అని ఉంటుంది, అది బటన్లున్న వెర్షన్, నల్ల స్క్రీన్ చూస్తే భయపడేవాళ్ళకి ఇదే మేలు. పైన లిస్టులో డ్రైవ్ ఎంచుకునేటప్పుడు సైజు చూసి ఎంచుకోండి, 32 జీబీ చిప్పు 29, 30 అని చూపిస్తుంది, మీ హార్డ్ డిస్క్ ఎంచుకున్నారంటే పొద్దస్తమానం అదే వెతుక్కుంటూ కూర్చుంటుంది. తర్వాత ఫ్యాట్ ఉన్న ఆప్షన్, దాని పక్కన ఫ్రీ అన్నది ఎంచుకోండి, డిలీట్ కేసుకి అది చాలు. ఫైల్ ఫార్మాట్స్‌లో జేపీజీ ఒక్కటే ఉంచండి. దొరికినవి ఎక్కడ పెట్టాలో అడిగినప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని కంప్యూటర్‌లో ఫోల్డర్ చూపించండి, అదే చిప్పు మీద సేవ్ చేస్తే బయటికొచ్చిన ఫొటో ఇంకా బయటికి రాని ఫొటోల మీద కూర్చుంటుంది.

ఏది ఖాళీయో తెలుసుకోవడానికి తప్ప ఫొటోరెక్ చిట్టాని నమ్ముకోదు, ఆ ఖాళీ అంతా జల్లెడ పట్టి జేపీజీ ఫైలు మొదలయ్యే గుర్తు ఎక్కడుందో వెతికి అక్కణ్ణుంచి లాగుతుంది, అందుకని పాత పేర్లు రావు. రీకప్_డిర్.1 లాంటి ఫోల్డర్లలో ఎఫ్ అక్షరం, వెనకాల నంబర్లు ఉన్న పేర్లతో కుప్పగా పడతాయి. టీ అక్షరంతో మొదలయ్యేవి ఫొటో లోపల దాక్కున్న చిన్న ప్రివ్యూలు, అవి చూసి అయ్యో ఫొటోలు ఇంతే చిన్నగా వచ్చాయని గుండెలు బాదుకునేవాళ్ళు చాలామంది, సైజు ప్రకారం సర్దితే అన్నీ ఒక చోటికి చేరతాయి, తీసెయ్యండి. ఫొటో తీసిన తేదీ, టైము ఫైలు లోపలే ఉంటాయి కాబట్టి విండోస్‌లో డేట్ టేకెన్ ప్రకారం పెడితే ఫంక్షన్ వరసలోకి వచ్చేస్తుంది. సగం బొమ్మ బాగుండి కింద సగం బూడిద రంగులో ఉన్నవి ఉంటే, చాలామటుకు అవి గుడి ఫొటోల కింద పడినవే.

డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. చాలావాటిలో స్కాన్ ఫ్రీ, సేవ్‌కే డబ్బు. స్కాన్ చేసి ప్రివ్యూ పెద్దది చేసి చూడండి, ఫొటోరెక్‌కి రానిది అక్కడ నిండుగా తెరుచుకుంటే అప్పుడు ఆలోచించండి, లేకపోతే దండగ. క్రాక్ వెర్షన్ల (దొంగ కాపీల) జోలికి మాత్రం పోకండి, ఫొటోల కోసం పోయి బ్యాంకు పాస్‌వర్డులు ఇచ్చి రావడం ఎందుకు.

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాను. 64 జీబీ కార్డు సిస్టమ్‌లో పెడితే ఫార్మాట్ చెయ్యమంటోంది. ఫార్మాట్ కొట్టేసి తర్వాత రికవరీ చేసుకోవచ్చు అని ఫ్రెండ్ చెప్పాడు. చెయ్యొచ్చా? (కరీంనగర్ నుంచి ఒక ఫొటోగ్రాఫర్)

వద్దు బాబూ, క్యాన్సిల్ కొట్టండి. మీ ఫ్రెండ్ చెప్పింది క్విక్ ఫార్మాట్ వరకు చాలాసార్లు నిజమే, అది చిట్టాని కొత్తగా మొదలెడుతుంది అంతే. కానీ ఆ క్విక్ అన్న టిక్ తీసేసి కొట్టారంటే విస్టా నుంచి ఇటు వచ్చిన విండోస్‌లన్నీ కార్డంతా సున్నాలు రాసేస్తాయి, ఇక ఎవరూ ఏం చెయ్యలేరు. కెమెరాల్లో ఉండే లో లెవెల్ ఫార్మాట్ కూడా అంతే ప్రమాదం. అసలు ఫార్మాట్ చెయ్యాల్సిన పనే లేదు, కార్డు ఉన్నదున్నట్టుగానే చదవొచ్చు.

ముందు రీడర్ మార్చి చూడండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. అయినా ఫార్మాట్ అడుగుతుంటే, మీది వేరేవాళ్ళ పెళ్ళి కాబట్టి, నేరుగా కార్డు మీద ప్రయోగాలు చెయ్యకుండా మొత్తం కార్డుకి ఒక ఇమేజ్, అంటే కార్డులో ఉన్నదంతా ఒకే ఫైలుగా దించిన నకలు, తీసుకోండి. విన్32 డిస్క్ ఇమేజర్‌తో అవుతుంది, కొత్త ఫైలుకి పేరిచ్చి రీడ్ నొక్కాలి. పక్కనే రైట్ అని ఇంకో బటన్ ఉంటుంది, అది సరిగ్గా ఉల్టా పని చేస్తుంది, అంటే ఫైల్లో ఉన్నది తీసుకెళ్ళి మీ కార్డు మీద రుద్దేస్తుంది, నొక్కేముందు రెండుసార్లు చూసుకోండి. మధ్యలో ఎర్రర్లు వచ్చి ఆగిపోతుంటే లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి, అది పాడైన చోట్లు దాటుకుంటూ పోయి ఆఖర్లో మళ్ళీ వాటి దగ్గరికి వస్తుంది. ఆ ఇమేజ్‌ని క్యూఫొటోరెక్‌లో తెరిచి ఈసారి ఫ్రీ కాదు, హోల్ ఎంచుకోండి, చిట్టానే పాడైంది కాబట్టి ఏది ఖాళీయో దానికి తెలీదు.

మీరు రా ఫైల్స్ (కెమెరా జేపీజీగా మార్చకుండా దాచేవి) తీసేవాళ్ళయితే ఇక్కడొక మెలిక ఉంది. ఫార్మాట్ల లిస్టులో ఎన్ఈఎఫ్ (నికాన్‌ది), సీఆర్2 (క్యానన్‌ది) అని వెతికితే విడిగా కనబడవు, అవి టిఫ్ కింద వస్తాయి. కొత్త క్యానన్ కెమెరాల సీఆర్3 అయితే మరీ విచిత్రంగా ఎంఓవీ కింద. ఒక్క జేపీజీకే టిక్ పెట్టి రా ఫైల్స్ రాలేదని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవద్దు.

కార్డు పెడితే అసలు డ్రైవే రాకపోయినా, సైజు సున్నా చూపించినా అది మన చేతిలో పని కాదు, లోపల మెమరీని నడిపే కంట్రోలర్ పోయి ఉంటుంది. ల్యాబ్ వాళ్ళు పైపూత గీకి సన్నటి తీగలు అతికించి మెమరీని నేరుగా చదవాల్సి ఉంటుంది, ఖర్చు బాగా అవుతుంది, ఎంతవుతుందో, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే రాయించుకుని ఇవ్వండి.

ప్రశ్న: ఊరెళ్ళినప్పుడు ఫోన్లో తీసిన అమ్మావాళ్ళ ఫొటోలు పొరపాటున డిలీట్ చేశాను. ప్లే స్టోర్‌లో రికవరీ యాప్‌లు నాలుగు వేశాను, అన్నీ చిన్న చిన్న బొమ్మలే చూపిస్తున్నాయి. (కువైట్ నుంచి ఒక పాఠకుడు)

ఆ నాలుగూ తీసెయ్యండి. పైన చెప్పిన కథంతా విడి చిప్పుకే. ఇప్పటి ఫోన్ల లోపలి మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన రహస్య రూపంలో, ఉంటుంది, డిలీట్ చేసిన చోటుని ఫోనే తర్వాత శుభ్రం చేసేస్తుంది, కాబట్టి జల్లెడ పట్టే పద్ధతి అక్కడ పారదు. ఆ యాప్‌లు చూపించేది గ్యాలరీ తనకోసం దాచుకున్న థంబ్‌నెయిల్స్‌ని, వాటిని పెద్దవి చేస్తే మసకే.

గూగుల్ ఫొటోస్‌లో ట్రాష్ చూడండి, బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి, కానివి 30 రోజులు. కొన్ని ఫోన్లలో గ్యాలరీకి వేరే ట్రాష్ ఉంటుంది, అదీ చూడండి. తర్వాత మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు, అక్కడ పెట్టినవి సైజు తగ్గి ఉంటాయి గానీ అమ్మానాన్నల మొహాలు తెలియడానికి సరిపోతాయి. మీ ఫోన్లో లేకపోతే ఊళ్ళో ఎవరి ఫోన్లోనో ఉంటాయి, ఇవాళే ఫోన్ చేసి మెమరీ ఫుల్ అయిందని గ్రూపు ఫొటోలు తుడిచెయ్యొద్దని చెప్పి, వాటిని డాక్యుమెంట్‌గా పంపమనండి, మళ్ళీ నొక్కుకుపోకుండా వస్తాయి.