నొప్పి లేదని వదిలేయొద్దు తమ్ముడూ

కుడి బీజంలో శనగగింజంత గట్టి గడ్డ, రెండు నెలలైంది, నొప్పి లేదు, వరిబీజమని చెప్పి పసరు కట్టు కడతామంటున్నారు అని రాశావు. ఆ కట్టు జోలికి పోవద్దు. నొప్పి లేకపోవడమే అసలు అనుమానించాల్సిన సంగతి. వృషణ క్యాన్సర్ ఎక్కువగా అట్లానే బయటపడుతుంది, అదీ నీ వయసు కుర్రోళ్లలోనే. వరిబీజమైతే నీరు చేరి సంచి ఉబ్బుతుంది. ఒక్కోసారి ఆ నీటి వెనకాల కూడా గడ్డ దాగుంటుంది.

ఈ వారంలోనే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ ఓపీకి పో. అల్ట్రాసౌండ్ తీస్తారు, రక్తంలో ఈ క్యాన్సర్ జాడ తెలిపే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చూస్తారు. సంచిలోకి సూది గుచ్చి ముక్క తీస్తామని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. క్యాన్సర్‌ అనుమానం గట్టిగా ఉంటే గజ్జల్లో కోసి బీజాన్ని మొత్తంగా తీసి పరీక్షకు పంపుతారు. తర్వాత సీటీ స్కాన్‌ను బట్టి కొందరికి అంతటితో సరి, కొందరికి సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమో. తొలిదశలో 95 శాతానికి పైగా నయమయ్యే జబ్బిది.

పెళ్లి సంగతి అడిగావు కదా. రెండోది బాగుంటే మగతనానికి, పిల్లలకు మామూలుగా లోటుండదు. అయినా చికిత్సకు ముందే వీర్యం భద్రపరచడం గురించి డాక్టరును అడుగు, సిగ్గెందుకు? చిన్నప్పుడు బీజం కిందికి దిగనివాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, నీకట్లా ఉండిందేమో అమ్మను అడిగి, అదీ డాక్టరుకు చెప్పు.