పాట వచ్చు, పసిపిల్లల క్లాసులో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. వర్జీనియాలో ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వుల్ఫ్ ట్రాప్ లాంటి కళాసంస్థలో, పసిపిల్లల విభాగంలో వేసవి ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా. నాన్నగారేమో "పిల్లలకి పాటలు పాడటానికా అంత ఖర్చుపెట్టి పంపింది?" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్లై చేయండి. కాకపోతే పాడటానికి వెళ్తున్నానని అనుకోకండి. వుల్ఫ్ ట్రాప్ అనగానే అందరికీ ఆరుబయట కచేరీలే గుర్తొస్తాయి గానీ, పసిపిల్లల చదువు కోసం 1981 నుంచి అక్కడో ప్రత్యేక విభాగం నడుస్తోంది. సంగీతం, నాట్యం, నాటకం తెలిసిన కళాకారులు ప్రీస్కూలుకే వెళ్లి, అక్కడి టీచరుతో కలిసి పాఠం చెబుతారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా టీచరు ఆ పద్ధతి కొనసాగించగలగాలి, అదీ ఉద్దేశం. ఇలాంటి విభాగాల్లో ఇంటర్న్‌కి దక్కేది ఎక్కువగా షెడ్యూళ్లు, మెయిళ్లు, పిల్లలు నోట్లో పెట్టుకున్న గిలక్కాయలు తుడిచి సర్దడం, క్లాసులో ఓ మూల కూర్చుని నోట్స్ రాయడం.

ఆ నోట్స్ దగ్గరే మీ చదువు అక్కరకొస్తుంది. ఉదాహరణకు, పాట ఆగగానే గిలక్కాయ ఊపడం ఆపాలి, ఇదీ ఆట. ఓ మూడేళ్ల పాప ఆగలేక, రెండో చేత్తో తన చేతినే గట్టిగా పట్టుకుంది. "సరదాగా ఆడింది" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. తనను తాను ఆపుకోవడం నేర్చుకుంటోందని మీరు పట్టుకోగలగాలి. మీ ప్రాక్టికంలో, అంటే కోర్సులో భాగంగా క్లాసుల్లో చేసే శిక్షణలో, ఇలాంటివి గమనించి, కవర్ లెటర్‌లో ఒక్కటి వివరంగా రాయండి.

ఇక సంగీతం. మీ శ్రుతి 5 కట్టె, అంటే మీ 'స' పాశ్చాత్య 'జి' స్వరం దగ్గర అనుకుందాం. ఆ షడ్జం (స) పసివాళ్లకు మరీ కింద, పాడబోయి గొణుగుతారు. మీ పంచమం (ప) నుంచి తారస్థాయి రిషభం (పై రి) దాకా వాళ్లకు హాయి, పాటను అక్కడికి జరపండి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించడాలు, తగ్గించండి. ఆది తాళంలో వేళ్లు లెక్కపెట్టడం మూడేళ్లకు అందదు, చప్పట్లు చాలు. పిల్లలకు సంగీతం నేర్పే కొడాయ్, ఆర్ఫ్ పద్ధతుల గురించి కాస్త చదువుకుని వెళ్తే ఇంటర్వ్యూలో తడబడరు.

నాన్నగారి టెన్షన్ అర్థం లేనిదేమీ కాదు. చదువు అయ్యాక అమెరికాలో పనిచేయడానికి మీకు దొరికే ఓపీటీ అనే అనుమతి 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సులవాళ్లకు దొరికే అదనపు 24 నెలలు మీకుండవు. అమెరికాలోనే స్థిరపడాలన్నది ఇంట్లో లెక్క అయితే ఈ దారి ఇరుకే, ఆ మాట ఇప్పుడే మాట్లాడుకోండి. తిరిగొచ్చే ఆలోచన ఉంటే వేరే సంగతి. మన దేశపు 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే దశగా చూస్తోంది. ఇక్కడి ప్రీస్కూళ్లలో టీచర్ల శిక్షణ వైపు వెళ్లడానికి ఈ అనుభవం బాగా పనికొస్తుంది.

అప్లికేషన్ కన్నా ముందు మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకు చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్ అంటే సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి, కావాలి. మామూలుగా ఒక విద్యాసంవత్సరం పూర్తికావాలి, పని మీ కోర్సులో భాగమై ఉండాలి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో సీపీటీ నమోదు కాకుండా ఒక్క రోజు కూడా పనిలోకి దిగకండి.